మొండి బాక్టీరియాకు మొక్కల అనుపానం

మా పెద్దమ్మ మూత్రం కల్చర్ రిపోర్టు ఒక్క పేజీ. ఎడమవైపు పద్దెనిమిది మందుల పేర్లు, ఒక్కోదాని ఎదుట ఒక్కో అక్షరం. అమాక్సిసిల్లిన్‌కు ఆర్, సెఫిక్సీమ్‌కు ఆర్, సిప్రోఫ్లాక్సాసిన్‌కు ఆర్. వేలు కిందికి జరుపుకుంటూ పోతే పద్నాలుగో వరుసలో గాని మొదటి ఎస్ తగల్లేదు. ఆర్ అంటే ఆ మందుకు బాక్టీరియా లొంగదు, ఎస్ అంటే లొంగుతుంది. ఎస్ పడిన అయిదింటిలో ఒకటి మూత్రాశయం దాటి మూత్రపిండాల దాకా పాకిన ఇన్ఫెక్షన్‌కు పనికిరాని మాత్ర. తక్కిన నాలుగూ సూదిమందులు, ఆస్పత్రిలో చేరి ఎక్కించుకోవలసినవి.

ఆవిడ గూడూరు నుంచి రైల్లో చెన్నై వచ్చి, పెరంబూరులో మా ఇంట్లో దిగింది. అప్పటికే ఊళ్లో మూడు రకాల మాత్రలు మింగింది. జ్వరం దిగగానే ప్రతిసారీ సగంలో ఆపేసింది. రిపోర్టు చదివి వినిపించాక కాసేపు ఊరుకుని, "ఇంగ్లీషు మందుకు లొంగనిది పసరు మందుకు లొంగుతుందేమో చూడకూడదా నాయనా?" అంది. సూక్ష్మజీవుల ప్రయోగశాలలో తొమ్మిదేళ్లు పనిచేసినవాణ్ణి కనుక ముందు నవ్వు వచ్చింది. ఆ వెంటనే ఆగిపోయింది కూడా. పెద్ద పెద్ద ప్రయోగశాలలు కొన్ని దశాబ్దాలుగా బుర్ర బద్దలు కొట్టుకుంటున్న ప్రశ్న అది. వాటికి దొరికిన జవాబు మాత్రం పెద్దమ్మ ఊహించిన దారిలో లేదు.

బాక్టీరియా మొండికేయడం అంటే ఏమిటో ముందు చూద్దాం. "ఒంటికి మందు అలవాటైపోయింది" అని మనవాళ్లు అంటుంటారు. ఒంటికి ఏ అలవాటూ కాలేదు, మారింది లోపల తిష్ఠవేసిన బాక్టీరియా. దాని దగ్గరున్న ప్రధానమైన ఉపాయాలు నాలుగు. మందును కత్తిరించే ఎంజైమ్‌ను తయారు చేసుకోవడం ఒకటి. పెన్సిలిన్ జాతి మందులన్నిటికీ బీటా లాక్టమ్ అనే చిన్న వలయం ఆయువుపట్టు. బీటా లాక్టమేజ్ ఎంజైమ్ దాన్ని తెంపేస్తే ఆ మందు ఉత్త పొడి. రెండోది, మందు వచ్చి పట్టుకునే చోటును మార్చేసుకోవడం. ఇంటికి కొత్త తాళం వేసుకుంటే పాత తాళంచెవి ఉన్నవాడు గుమ్మంలోనే నిలబడతాడు కదా, అలాగ. మూడోది, మందు దూరే సన్నని రంధ్రాలను తగ్గించుకోవడం. నాలుగోది, దూరిన మందును దూరినట్టే బయటికి తోడిపోయడం. చిల్లుపడవలో కూర్చుని డబ్బాతో నీళ్లు తోడే మనిషిలా, బాక్టీరియా పొరలో పంపులు ఉంటాయి. వాటికి పట్టింపులు లేవు. ఒకదానికొకటి ఏ పోలికా లేని అరడజను మందులనైనా ఒకే పంపు గెంటేస్తుంది. ఈ నాలుగో ఉపాయాన్ని గుర్తు పెట్టుకోండి, కథ అంతా దాని చుట్టూ తిరుగుతుంది.

ఇలాంటి ఉపాయాల తాలూకు జన్యువులు చాలావరకు ప్లాస్మిడ్‌లనే చిన్న డీఎన్‌ఏ చుట్టల మీద ఉంటాయి. పొరుగింటికి మజ్జిగ తోడు ఇచ్చినంత తేలికగా ఒక బాక్టీరియా వాటిని ఇంకో జాతి బాక్టీరియాకు ఇచ్చేస్తుంది. 2008లో స్వీడన్‌లో ఒక రోగి నుంచి బయటపడ్డ, మందులను కత్తిరించే ఎన్‌డీఎమ్-1 ఎంజైమ్ తాలూకు జన్యువు అలా ప్రయాణం చేసేదే. ఆ రోగి అంతకుముందు ఢిల్లీ ఆస్పత్రిలో ఉండి వెళ్లాడు కాబట్టి న్యూఢిల్లీ పేరు దానికి అంటుకుంది. చెన్నైకీ ఈ కథలో చోటుంది. మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన కార్తికేయన్ కుమారస్వామి మొదటి రచయితగా 2010లో లాన్సెట్ ఇన్ఫెక్షస్ డిసీజెస్ పత్రికలో వచ్చిన వ్యాసం, ఆ జన్యువున్న బాక్టీరియా నమూనాలు చెన్నైలో 44, హర్యానాలో 26, బ్రిటన్‌లో 37 ఉన్నట్టు లెక్క చూపింది. రాజధాని పేరు పెట్టారని దేశంలో పెద్ద రభస జరిగింది. రభస సద్దుమణిగాక 2012లో దేశంలోని వైద్య సంఘాలు ఈ నగరంలోనే సమావేశమై, చీటీ లేకుండా యాంటీబయాటిక్‌లు అమ్మడాన్ని అరికట్టాలంటూ చెన్నై డిక్లరేషన్ రాసుకున్నాయి. అలాంటి అమ్మకాలకు కళ్లెం వేసే షెడ్యూల్ హెచ్1 అనే నిబంధన 2014 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చింది. మందు డబ్బా మీద ఎర్ర గీతల పెట్టెలో కనిపించే హెచ్చరిక దాని చలవే. ఆ పెట్టెను చూసి వెనక్కి తగ్గిన కొనుగోలుదారుణ్ణి నేనింకా చూడలేదు. 2019లో మందులకు లొంగని బాక్టీరియా నేరుగా బలిగొన్నవారు ప్రపంచంలో 12.7 లక్షల మంది అని అంచనా.

కొత్త యాంటీబయాటిక్ కనిపెడితే సరిపోదా అంటారా? దానికి మన యల్లాప్రగడ సుబ్బారావు కథ చెప్పాలి. భీమవరంలో పుట్టి మద్రాసు వైద్య కళాశాలలో చదివాడు. ఖద్దరు కట్టినందుకు ఆచార్యుడి ఆగ్రహానికి గురై, చివరికి ఎంబీబీఎస్‌కు బదులు ఎల్‌ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకున్నాడు. ఆ తరవాత ఆచంట లక్ష్మీపతి నడిపిన మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పాడు. అక్కడి నుంచి అమెరికా వెళ్లి లెడర్లీ కంపెనీ పరిశోధనలకు పెద్ద అయ్యాడు. ఆయన హయాంలోనే బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్ కనుక్కున్నాడు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది అది. 1948లో లోకానికి వెల్లడైంది, అదే ఏడు ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశాడు. మూలికల కళాశాలలో పాఠాలు చెప్పిన మనిషి నీడలో దొరికిన ఆ మందు ఒక పొలం మట్టిలోని సూక్ష్మజీవి నుంచి వచ్చింది.

అది కాకతాళీయం కాదు. గుప్పెడు మట్టిలో కోట్ల సూక్ష్మజీవులు ఒకే మెతుకు కోసం కొట్టుకుంటాయి. ఆ కొట్లాటలో తయారైన విషాలు పదునైనవి, చుక్క చాలు. మంచి యాంటీబయాటిక్ మిల్లీలీటరుకు ఒకటి రెండు మైక్రోగ్రాములుంటే పని ముగిస్తుంది. మొక్కల రసాయనాలు అదే పనికి సాధారణంగా వంద నుంచి వెయ్యి మైక్రోగ్రాములు అడుగుతాయి. పైగా ఈ.కోలి లాంటి బాక్టీరియాకు బయట ఇంకో పొర అదనంగా ఉంటుంది, దాని ముందు అవి మరీ తేలిపోతాయి. ఒళ్లంతా పాకి బాక్టీరియాను చంపే మందుగా, మొక్క నుంచి తీసినది నేటికీ ఆస్పత్రుల్లో ఒక్కటీ వాడుకలో లేదు. క్వినైన్, ఆర్టెమిసినిన్ మొక్కలవే కదా అని కొందరు వాదిస్తారు. నిజమే గాని మలేరియా క్రిమి బాక్టీరియా కాదు, దాని సంగతి వేరు.

అలాంటప్పుడు మొక్క ఎలా బతికి బట్టకడుతోంది? మన వేపచెట్టునే చూడండి. కాళ్లు లేవు, పారిపోలేదు. ఒంట్లో గస్తీ తిరిగే తెల్లకణాలు లేవు. వేళ్లు ఇరవై నాలుగు గంటలూ బాక్టీరియా కుప్పలో దిగబడి ఉన్నాయి. అంత పేలవమైన ఆయుధాలతో అది ఎలా నిలబడిందన్నది చాలాకాలం ఎవరూ సరిగా అడగని ప్రశ్న.

దాని జవాబులో ఒక ముక్క చూడటానికి నేను జార్జ్‌టౌన్ వెళ్లాను. అక్కడి సందుల్లో మూలికల కొట్లు ఉన్నాయి. నాట్టు మరుందు కడై అంటారు తమిళంలో. నేను వెళ్లిన కొట్టు యజమాని తెలుగాయన, తాతల నాడు ఒంగోలు వైపు నుంచి వచ్చిన కుటుంబం. మానిపసుపు కావాలంటే, "మరమంజళ్ కదండీ?" అని ఒకసారి ఖాయం చేసుకుని, గోనె సంచిలోంచి బొటనవేలంత ముక్కలు నాలుగు తీసి తూచాడు. పేరులో మాను ఉన్నా అది తీగ. పడమటి కనుమల్లో తరిగిపోతున్న తీగ కూడాను. కొన్నందుకు కాస్త సిగ్గుపడుతూనే ఈ మాట రాస్తున్నాను. ఇంటికి వచ్చి ఒక ముక్కను గాజుగ్లాసు నీళ్లలో వేశాను. కోసిన ముఖం నుంచి పచ్చని దారాలు మెల్లగా అడుగుకు దిగాయి. తెల్లారేసరికి గ్లాసు మొత్తం సంక్రాంతి బంతిపువ్వు రంగు. వేలు ముంచి నాలుకకు తాకిస్తే కాఫీ తాగాక కూడా వదలని చేదు.

ఆ రంగు, ఆ చేదు బెర్బెరిన్ అనే రసాయనానివి. హిమాలయాల దారుహరిద్రలో, అమెరికా ఎడారి ప్రాంతాల్లోని దాని చుట్టం బెర్బెరిస్ ఫ్రెమాంటీ పొదలో కూడా ఉండేది అదే. బెర్బెరిన్‌కు ధనావేశం ఉంటుంది, బాక్టీరియా కణం లోపల రుణావేశం. అందుచేత అది తనంతట తానే లోపలికి లాగబడి డీఎన్‌ఏకు అంటుకుంటుంది. చూడబోతే భేషైన ఆయుధం. అయినా చీము పుట్టించే స్టెఫైలోకాకస్ ఆరియస్ దాన్ని పెద్దగా లెక్కచేయదు. ఆ బాక్టీరియా పొరలో నార్ఏ అనే పంపు ఉంది. సిప్రోఫ్లాక్సాసిన్‌ను తోడిపోసేది అదే, బెర్బెరిన్‌ను తోడిపోసేదీ అదే.

అమెరికా శాస్త్రజ్ఞులు ఫ్రాంక్ స్టెర్మిట్జ్, కిమ్ లూయిస్‌ల బృందాలు 2000లో ఫ్రెమాంటీ ఆకులను శోధిస్తుంటే ఇంకో పదార్థం దొరికింది. దాని పేరు కాస్త నోరు తిరగనిది, మెథాక్సీ హిడ్నోకార్పిన్. బాక్టీరియా మీద విడిగా పోస్తే ఏమీ కాలేదు, హాయిగా పెరిగాయి. బెర్బెరిన్‌తో కలిపి పోస్తే పెరుగుదల ఆగిపోయింది. లోపల ఏం జరుగుతోందో వాళ్లు కంటితో చూసినంత పని చేశారు. బెర్బెరిన్ డీఎన్‌ఏకు అంటుకున్నప్పుడు ఎక్కువగా మెరుస్తుంది, కాబట్టి మెరుపును కొలిస్తే లోపల ఎంత చేరిందో తెలుస్తుంది. పంపు నడుస్తున్నంతసేపూ మెరుపు అంతంతమాత్రం. హిడ్నోకార్పిన్ చేరి పంపుకు అడ్డుపడగానే మెరుపు పెరిగింది. అంటే ఆ పొద విషాన్ని ఒక చేత్తో, విషాన్ని తోడేసే పంపుకు బిరడాను ఇంకో చేత్తో తయారు చేసుకుంటోంది.

దీనికి ముందు మొక్కల్లో మందు వెతికే పద్ధతి ఎలా ఉండేదో తెలిస్తే దీని విలువ తెలుస్తుంది. ఆకు నూరి, రసం తీసి, దాన్ని విడివిడి భాగాలుగా చేసి, ఒక్కో భాగాన్ని బాక్టీరియా మీద వేసేవారు. చంపినదాన్ని దాచుకునేవారు, చంపనిదాన్ని పారబోసేవారు. ఆ లెక్కన హిడ్నోకార్పిన్ సింకులోకి పోవలసిందే. అలాంటివి ఇంకా ఎన్ని పోయాయో ఎవరు చెప్పగలరు? తమాషా ఏమిటంటే, అదే పదార్థం కొద్దిపాటిగా చాల్మోగ్రా నూనెలోనూ ఉంది. కుష్ఠురోగానికి మన దేశంలో తరతరాలుగా పూసిన నూనె అది.

రెండేళ్ల తరవాత, 2002లో, అదే వరసలో ఇంకో పరీక్ష జరిగింది. రేవల్చిని వేరులోనూ మన రేల కాయ గుజ్జులోనూ ఉండే రీన్ అనే రసాయనాన్ని తీసుకున్నారు. బాక్టీరియా పంపులను పనిచేయకుండా చేసి చూస్తే, కావలసిన మోతాదు బాక్టీరియాను బట్టి వంద నుంచి రెండు వేల రెట్ల వరకు తగ్గింది. మొక్కల మందులు పేలవమైనవని మనం అనుకున్నదాంట్లో చాలా భాగం, పంపులు బలమైనవి కావడమేనన్నమాట.

ఈ ఆలోచనకు మన వైద్యంలో పాత మాటే ఉంది, అనుపానం. మందుతో పాటు ఏం తీసుకోవాలి, తేనెతోనా, నేతితోనా, వేడినీళ్లతోనా అన్న లెక్క. అనుపానం తానే మందు కానక్కరలేదు, మందు పని సులువు చేస్తే చాలు. దీన్ని పట్టుకుని మనవాళ్లకు బాక్టీరియా పంపుల గురించి వేల ఏళ్ల కిందటే తెలుసని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మాట సరిపోయింది కాబట్టి వాడుతున్నాను, అంతే.

మందుకు తోడుగా వేసినది నిజంగా సాయపడుతోందా అని తేల్చే పరీక్షను నేను ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు. అరచేతి కన్నా కాస్త పెద్దదైన ప్లాస్టిక్ పలక, అందులో ఎనిమిది వరుసల్లో పన్నెండేసి గుంటలు, మొత్తం తొంభై ఆరు. ఎడమ నుంచి కుడికి యాంటీబయాటిక్ మోతాదు గుంట గుంటకూ రెట్టింపు. పై నుంచి కిందికి మొక్క రసాయనం మోతాదు అలాగే రెట్టింపు. ప్రతి గుంటలోనూ ఒకే కొలత బాక్టీరియా. రాత్రంతా వెచ్చగా ఉంచి, ఉదయం రెసాజురిన్ అనే నీలిరంగు కలుపుతారు. బతికి ఊపిరి తీస్తున్న బాక్టీరియా ఆ నీలాన్ని గులాబీ చేస్తుంది. చచ్చినచోట, పెరగనిచోట నీలం నీలంగానే ఉండిపోతుంది.

ఇక చూడవలసింది రెండు రంగుల సరిహద్దును. రెండు మందులూ ఎవరి పని వారు చేసుకుంటుంటే పై ఎడమ మూలన గులాబీ చక్కని దీర్ఘచతురస్రంగా కనిపిస్తుంది. అవి ఒకదానికొకటి తోడైతే ఆ దీర్ఘచతురస్రం మూల ఎలుక కొరికిన రొట్టెలా లోపలికి తిని ఉంటుంది. దానికి అంకెలూ ఉన్నాయి. ఒంటరిగా 8 మైక్రోగ్రాములు కావలసిన సిప్రో, తోడుంటే 2తో పని కానిచ్చిందనుకోండి, అది పావు. మొక్క రసాయనమూ తన ఒంటరి మోతాదులో పావే పట్టిందనుకోండి. రెండు పావులు కలిస్తే అర. మొత్తం అర గాని, అంతకన్నా తక్కువ గాని వస్తేనే నిజమైన పొత్తు అని ఒప్పుకుంటారు. అరకు పైన వచ్చినదాన్ని కూడా పొత్తు కింద కట్టేసిన వ్యాసాలు నా చేతికి చాలా వచ్చాయి.

ఈ పరీక్షలో నెగ్గినవాటిలో మనకు బాగా తెలిసినది పిపెరిన్. మిరియాల ఘాటు, పిప్పళ్ల ఘాటు అదే. సిప్రోఫ్లాక్సాసిన్‌తో కలిస్తే స్టెఫైలోకాకస్ మీద ఆ మందు బలం పెరుగుతుందని జమ్మూలోని పరిశోధకులు 2006లో చూపించారు. కారణం మళ్లీ ఆ నార్ఏ పంపే. ఇంతవరకు బాగుంది. ఇక్కడే ఒక గందరగోళం మొదలవుతుంది, జాగ్రత్తగా విడదీయాలి. పిపెరిన్ కలిపిన క్షయ మందు ఒకటి మన దేశంలో 2009లో నిజంగానే అనుమతి పొందింది. మామూలుగా 450 మిల్లీగ్రాములు ఇచ్చే రిఫాంపిసిన్ అందులో 200 మాత్రమే, దానికి తోడు 10 మిల్లీగ్రాముల పిపెరిన్. అక్కడ పిపెరిన్ చేసే పని బాక్టీరియాలో జరగదు, మన పేగుల్లో జరుగుతుంది. మందు రక్తంలోకి ఎక్కువగా ఎక్కేలా చేస్తుంది. మొండితనం విరిచే మందుగా దాన్ని ఎవరూ ఆమోదించలేదు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టి "మిరియాలు యాంటీబయాటిక్ నిరోధకతను జయించాయి" అని ఫోన్లలో తిరిగే సందేశాలు అర్థసత్యాలు.

మిరియాల చారు తాగి సిప్రో వేసుకుంటే సరిపోతుందా? సరిపోదు. పలక మీద పంపును ఆపడానికి మిల్లీలీటరుకు పదుల మైక్రోగ్రాముల పిపెరిన్ పట్టింది. గిన్నెడు చారుతో రక్తంలోకి చేరేది దానితో పోలిస్తే బహు స్వల్పం.

పోనీ, గుళికల్లో దట్టించి మింగిద్దామంటే ఇంకో తంటా. పంపులు బాక్టీరియా సొత్తు మాత్రమే కాదు. మన పేగు గోడల్లో, మెదడుకు కాపలా కాసే రక్తనాళాల్లో పీ-గ్లైకోప్రొటీన్ అనే పంపు ఉంది, రానివ్వకూడనివాటిని బయటికి తోయడం దాని పని. పిపెరిన్ దాన్నీ ఆపుతుంది. కాలేయంలో మందులను కరిగించే ఎంజైమ్‌నూ ఆపుతుంది. అందుకే మూర్ఛకు వాడే ఫినిటాయిన్, గుండెదడకు, వణుకుకు వాడే ప్రొప్రనలాల్, ఉబ్బసానికి వాడే థియోఫిలిన్ పిపెరిన్‌తో కలిస్తే రక్తంలో మోతాదు మించుతాయి.

సర్పగంధి కథ ఇంకా విచారమైనది. రక్తపోటుకు మన దేశం లోకానికి ఇచ్చిన మొక్క అది. అందులోని రిసర్పిన్ బాక్టీరియా పంపును భేషుగ్గా ఆపుతుందని 1991లోనే తేలింది, బాసిల్లస్ సబ్టిలిస్ మీద. నార్ఏ మీదా పనిచేసింది. నేటికీ ప్రయోగశాలల్లో పంపును ఆపి చూడాలంటే కొలబద్దగా వాడే పదార్థం అదే. రోగికి మాత్రం ఇవ్వలేరు. బాక్టీరియా పంపును ఆపేటంత మోతాదు మనిషి నరాల మీద పడితే తట్టుకోవడం కష్టం. బాక్టీరియా పంపులను ఆపే మందు, మొక్కదైనా ప్రయోగశాలలో తయారైనదైనా, ఇంతవరకు ఒక్కటీ అనుమతి దాకా రాలేదు. నార్ఏ పంపు ఆకృతి అణువణువునా తెలిసిందే 2022లో. మన పంపును వదిలి దాని పంపునే పట్టే బిరడాను గీసుకోవడానికి ఇప్పుడు కొలతలైనా చేతికొచ్చాయి.

ఇదంతా చెబితే పెద్దమ్మ, "పనిచేయకపోతే పోయింది, పసరు చేసే చెరుపేముంది?" అంది. ఈ మాటకు జవాబుగా ఒక విషయం చెప్పాలి. ఇది తెలిసేవరకు నేనూ అలాగే అనుకునేవాణ్ణి. సాలిసిలేట్ అనే రసాయనం ఉంది, విల్లో చెట్టు బెరడులో ఉండే మందుకు చుట్టం, ఆస్పిరిన్‌కు పూర్వీకురాలు. ఈ.కోలి బాక్టీరియా దాని వాసన తగలగానే ఆపద వచ్చిందనుకుని, మార్ఏ అనే స్విచ్చు వేసుకుంటుంది. ఆ స్విచ్చు పడితే తోడే పంపులు పెరుగుతాయి, మందు దూరే రంధ్రాలు తగ్గుతాయి. సాలిసిలేట్‌తో ఏ సంబంధమూ లేని యాంటీబయాటిక్‌లకు కూడా ఆ బాక్టీరియా కాసేపు మొండిదవుతుంది. అంటే మొక్క రసాయనం బాక్టీరియా చేతిలో కత్తి ఊడగొట్టగలదు, దానికి ఇంకో కత్తి అందించనూ గలదు. కషాయంలో ఏది ఎంత ఉందో తెలియకుండా, అది ఏ పని చేస్తోందో చెప్పే మార్గం లేదు. పెద్దమ్మ ఒంట్లో ఉన్నదీ ఈ.కోలియే.

పంపులు ఒక్కటే దారి అని కాదు. బాక్టీరియాలు రసాయన సంకేతాలతో తలలు లెక్కపెట్టుకుని, మంది చాలినంత అయ్యాకే విషం కక్కుతాయి. ఆ సంకేతాలను చెడగొట్టే మొక్క రసాయనాలు ఉన్నాయి, దాల్చినచెక్కలోని సిన్నమాల్డిహైడ్ ఒకటి. చంపకుండా నోరు మూయిస్తే మొండితనం పెరగడానికి ఒత్తిడి తక్కువ ఉంటుందని ఆశ, ఇంకా ఆశే. గ్రీన్ టీలోని కాటెకిన్‌లు మెతిసిల్లిన్‌కు లొంగని స్టెఫైలోకాకస్‌ను పెన్సిలిన్ జాతి మందులకు మళ్లీ లొంగదీసినట్టు పలకల మీద కనబడింది. మనుషుల్లో కాస్త గట్టి రుజువున్నది క్రాన్‌బెర్రీ అనే అమెరికా పండుకే. బాక్టీరియా మూత్రాశయం గోడకు అతుక్కోకుండా చేస్తుంది. 2023లో 50 పరీక్షలను కలిపి చూసిన కోక్రేన్ సమీక్ష, మాటిమాటికీ మూత్రం ఇన్ఫెక్షన్ వచ్చే స్త్రీలలో అది మళ్లీ రావడం దాదాపు పావువంతు తగ్గుతుందని తేల్చింది. రాకుండా ఆపడానికే, వచ్చినదాన్ని తగ్గించడానికి కాదు. మన వాక్కాయకు క్రాన్‌బెర్రీకి చుట్టరికం లేదు, ఎర్రగా పుల్లగా ఉన్నంత మాత్రాన ఆ గుణం ఈ కాయకు అంటగట్టకూడదు.

పసుపు గురించి అడగనివారు ఉండరు గనుక ఒక మాట. కర్క్యుమిన్ పరీక్ష పెట్టిన ప్రతిచోటా పనిచేసినట్టు కనబడుతుంది, అదే దానితో చిక్కు. కనబడ్డ ప్రతి ప్రొటీన్‌కూ అతుక్కుంటుంది, దాని సొంత మెరుపు కొలిచే యంత్రాన్ని మభ్యపెడుతుంది, నీటిలో నిలవక విరిగిపోతుంది, పేగు దాటి రక్తంలోకి ఎక్కదు. 2017లో రసాయన శాస్త్రజ్ఞులు కొందరు అప్పటిదాకా జరిగిన పనినంతా తిరగేసి, ఆశించినంత సరుకు అందులో లేదని కుండబద్దలు కొట్టారు. పసుపు మీద నాకు భక్తి ఉంది, అది వంటింట్లో.

అసలు సమస్య మొక్కల్లో కన్నా మన పరీక్షల్లో ఎక్కువ ఉంది. ఏదో ఒక ఆకు, సారాయిలో నానబెట్టి తీసిన రసం, దాన్ని కాగితపు బిళ్లకు పట్టించి బాక్టీరియా పళ్లెం మీద పెట్టడం, చుట్టూ ఏర్పడిన ఖాళీ వలయాన్ని స్కేలుతో కొలవడం, "పద్నాలుగు మిల్లీమీటర్లు" అని రాసి పట్టా పుచ్చుకోవడం. ఇలాంటి వ్యాసాలు మన కళాశాలల నుంచి కుప్పలుగా వస్తాయి. నేనూ ఒకటి రాశాను, ఆకు పేరు చెప్పను. నూనెలాంటి రసాయనం పళ్లెంలో పాకదు కాబట్టి మంచిదైనా వలయం చిన్నదే వస్తుంది. సారాయి సరిగా ఆరకపోతే ఉత్త సారాయే వలయం చేస్తుంది. ఆ రసంలో చంపింది ఎవరో, ఎంత మోతాదులోనో, మనిషి కణాలకు దానివల్ల ఏమవుతుందో ఎక్కడా ఉండదు. మొన్నటి వానకు ఒక గుణం, వేసవికి ఇంకో గుణం ఉండే ఆకును మందు చేయాలంటే ముందు అందులోని ఒక్క అణువును పట్టుకోవాలి. పసరు నుంచి మాత్ర దాకా ఉన్న దూరమంతా అక్కడే.

తోడు మందు అన్న ఆలోచనకు బలం లేదని మాత్రం అనుకోవద్దు. ఊళ్లో పెద్దమ్మ మింగిన మూడు రకాల్లో ఒకటి అమాక్సిసిల్లిన్, క్లావులానిక్ ఆమ్లం జోడీ. ఈ క్లావులానిక్ ఆమ్లం తానుగా దాదాపు ఏ బాక్టీరియానూ చంపదు, అమాక్సిసిల్లిన్‌ను కత్తిరించే ఎంజైమ్‌కు తానే ఎరగా వెళ్లి దాని నోరు కట్టేస్తుంది. ఆ జోడీ బజారులోకి వచ్చింది 1981లో, తోడు పదార్థం ఒక మట్టి సూక్ష్మజీవిది. కొత్త జోడీ చెన్నైలోనే మొదలైంది. ఇక్కడి ఆర్చిడ్ కంపెనీలో పుట్టిన ఎన్‌మెటజోబాక్టమ్ అనే తోడు పదార్థాన్ని సెఫెపీమ్ అనే యాంటీబయాటిక్‌కు జతచేసిన మందుకు 2024 ఫిబ్రవరిలో అమెరికా ఔషధ సంస్థ అనుమతి ఇచ్చింది. దేనికంటే, ముదిరిన మూత్రం ఇన్ఫెక్షన్లకు. అదీ మొక్కది కాదు, ప్రయోగశాలలో కట్టిన అణువు. ఎన్‌డీఎమ్-1 ముందు అదీ చేతులెత్తేస్తుంది. ఎన్‌డీఎమ్-1 జింకుతో పనిచేసే వేరే జాతి ఎంజైమ్. బిరడా పెట్టవలసిన చోట్లు ఇంకా చాలానే ఖాళీగా ఉన్నాయి.

పెద్దమ్మకు ఎస్ పడిన సూదిమందుల్లో ఒకటి ఏడు రోజులు ఎక్కించారు. మూడో రోజుకు జ్వరం దిగింది. దిగగానే "ఇక చాలు, ఇంటికి పోదాం" అంది, ఈసారి ఆవిడ మాట ఎవరూ వినలేదు. ఆ ముందురోజు ఆస్పత్రిలో డాక్టరమ్మ వాడుతున్న మందులన్నీ చెప్పమంటే, చేతి వణుకుకు వేసుకునే ప్రొప్రనలాల్ పేరు చెప్పి, నేను జార్జ్‌టౌన్ నుంచి మానిపసుపుతో పాటు తెచ్చిన పిప్పళ్ల పొట్లం కూడా సంచిలోంచి తీసి చూపించింది. "ఆ మాత్ర వేసుకున్నన్నాళ్లూ ఇవి గుళికల్లా మింగకండమ్మా" అని ఆమె గట్టిగా చెప్పింది. సరేనంది పెద్దమ్మ. గూడూరు రైలెక్కే ముందు చూస్తే పొట్లం మళ్లీ సంచి అడుగున ఉంది.

"నాకు కాదులే, మీ పెదనాన్నకు దగ్గు" అంది.